ప్రకాశం పంతులు గారి పెద్ద దావా



టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు వినగానే మనలో చాలామందికి ఒకటే బొమ్మ కళ్లముందుకొస్తుంది. మద్రాసు వీధి. తుపాకులు పట్టుకున్న పోలీసులు. వాళ్లకి ఎదురుగా, చొక్కా తెరిచి రొమ్ము చూపిస్తున్న పెద్దమనిషి. బళ్లో చదువుకున్నది అదే. ఆగస్టు 23న జయంతి సభల్లో వినేదీ అదే.

ఆ సంఘటన నిజంగా జరిగింది. 1928 ఫిబ్రవరి 3న. సైమన్ కమిషన్ బొంబాయి రేవులో దిగిన రోజది. మద్రాసులో జనం వీధుల్లోకి వచ్చారు. ప్యారీస్ కార్నర్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పార్థసారథి అనే యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. శవం దగ్గరికి ఎవరొచ్చినా కాలుస్తామన్నారు పోలీసులు. ప్రకాశం గారు ముందుకెళ్లారు. కాల్చుకోండి అని రొమ్ము చూపించారు. ఆంధ్రకేసరి అన్న పేరు ఆ ధైర్యంతోనే నిలిచిపోయింది.

ఇవాళ నేను ఆ ధైర్యం గురించి ఎక్కువ చెప్పను. ఆయన ఆ రోజు నిలబడ్డ చోటు గురించి మాత్రం ఒక్కమాట చెప్తాను. ప్యారీస్ కార్నర్ అంటే మద్రాసు హైకోర్టు పక్కనే. అంతకు ఏడేళ్ల కిందటిదాకా ఆయన ఆ హైకోర్టులో పేరు మోసిన బారిస్టరు. రొమ్ము చూపించిన ప్రకాశం గారు అందరికీ తెలుసు. కాగితం చూపించిన ప్రకాశం గారు అంతగా తెలీదు. ఇవాళ ఆ రెండో ఆయన గురించి మాట్లాడుకుందాం.

ఈ ప్రసంగం మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకే ఒక్క సంగతి. డబ్బు వసూలు చేసే హక్కు వేరు. సొత్తు మీద హక్కు వేరు. వసూలు చేసేవాడు యజమాని కాడు. ఇంతే. వినడానికి చాలా చిన్న మాట. ఈ మాటని నిలబెట్టడానికే ప్రకాశం గారు తన లాయరు తెలివినంతా ఖర్చు పెట్టారు. అదీ కోటు విప్పేసిన పదహారేళ్లకి.

ముందు ఆయన లాయరు ఎలా అయ్యారో చూద్దాం.

1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఇప్పటి ప్రకాశం జిల్లాలోని ఊరది. అప్పటికి ఆ జిల్లాయే లేదు లెండి. తండ్రి గోపాలకృష్ణయ్య గారు. తల్లి సుబ్బమ్మ గారు. పిల్లవాడికి పదకొండేళ్లు వచ్చేసరికి తండ్రి పోయారు. ఇల్లు గడవాలి. సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టారు. డబ్బులు తీసుకుని భోజనం పెట్టడం ఆ రోజుల్లో పరువైన పని కాదు. బంధువులు చిన్నచూపు చూసేవాళ్లు. ఆవిడ లెక్కచెయ్యలేదు. కొడుకు చదువుకోవాలి, అంతే.

కొడుకేమో బుద్ధిగా పుస్తకం ముందు కూర్చునే రకం కాదు. ఆటలు, నాటకాలు, అల్లరి. నాటకాల్లో ఆడవేషాలు కూడా కట్టారు. తన ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో ఈ సంగతులేవీ ఆయన దాచుకోలేదు. ఆ కుర్రవాడిని దారిలో పెట్టినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు. ఆయన ఒంగోలు వదిలి రాజమండ్రి వెళ్తూ ఈ శిష్యుణ్ని కూడా వెంట తీసుకెళ్లారు. అక్కడ చదువు. తర్వాత మద్రాసులో ప్లీడరు పరీక్ష. తిరిగి రాజమండ్రి వచ్చి ప్రాక్టీసు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ రోజుల్లో లాయర్లందరూ ఒకటి కాదు. మెట్లుండేవి. ప్రకాశం గారు సెకండ్ గ్రేడు ప్లీడరు. అంటే కింది కోర్టుల్లో వాదించొచ్చు. హైకోర్టులో లేచి నిలబడి మాట్లాడే హక్కు లేదు. మీ కేసు మీకు ఎంత బాగా తెలిసినా సరే, పైకోర్టుకి వెళ్లగానే ఫైలు ఇంకొకరి చేతిలో పెట్టి వెనక కూర్చోవాలి.

రాజమండ్రిలో ఆయనకి మంచి పేరొచ్చింది. డబ్బూ వచ్చింది. ముప్పై దాటిన కొత్తలోనే మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. చాలామంది అక్కడితో ఆగేవాళ్లే. ఊళ్లో ఇల్లుంది, పదవుంది, క్లయింట్లున్నారు. ఇంకేం కావాలి? ఒకసారి పని మీద మద్రాసు వెళ్లినప్పుడు ఒక బారిస్టరు ఈయన పనితనం చూసి, మీరూ బారిస్టరు కావచ్చు కదా అన్నారట. ఆ మాట పట్టుకున్నారు. 1904లో ఇంగ్లండుకి ప్రయాణం కట్టారు. మాంసం, మందు, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి ఓడెక్కారు. లండనులో చదువుతూనే దాదాభాయి నౌరోజీ గారి ఎన్నికల ప్రచారంలో కూడా తిరిగారు.

1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో చేరారు. అప్పట్లో అక్కడ పెద్ద లాయర్లంటే తెల్లవాళ్లు, లేకపోతే తమిళులు. తెలుగు బారిస్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వచ్చిన ఏడాదే బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. సభకి అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకారు. సర్కారు కన్ను పడుతుందని భయం. ఈ కొత్త బారిస్టరు వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగింది. దాని మీద నడిచిన కుట్ర కేసులో నిందితుల తరఫున నిలబడ్డ లాయర్లలో ప్రకాశం గారు ఒకరు. మరోపక్క 'లా టైమ్స్' అనే న్యాయశాస్త్ర పత్రికకి సంపాదకత్వం. సివిల్, క్రిమినల్ రెండూ చేసేవారు. సంపాదన బ్రహ్మాండంగా ఉండేది.

1921లో గాంధీ గారి పిలుపు వచ్చింది. కోర్టులు వదలండి అన్నారు. ప్రకాశం గారు వదిలేశారు. హైకోర్టులో నిలబడే హక్కు కోసం సముద్రం దాటిన మనిషి, ఆ హక్కుని తనంతట తానే వదులుకున్నారు. ఆ తర్వాత మూడు భాషల్లో 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం. ఖాసా సుబ్బారావు గారి వంటి గొప్ప జర్నలిస్టులు అక్కడ పనిచేశారు. పత్రికకి పేరొచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. బారిస్టరుగా సంపాదించిందంతా అందులోకి పోయింది. నిజం చెప్పాలంటే, లెక్కల పుస్తకం దగ్గర ప్రకాశం గారు ఎప్పుడూ గట్టి మనిషి కాదు. త్యాగం అనొచ్చు. కానీ జీతాలు సమయానికి అందని ఉద్యోగికి త్యాగం అన్నం పెట్టదు. ఆ సంగతీ చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ గారి నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. ఆయన ముందున్న పెద్ద సమస్య జమీందారీలు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, చల్లపల్లి, వెంకటగిరి. ఇంకా చిన్నవి ఎన్నో. ఆ గ్రామాల్లో రైతు శిస్తు సర్కారుకి కట్టడు. జమీందారుకి కడతాడు. జమీందారు దాంట్లోంచి పేష్కషు అని కొంత సర్కారుకి కడతాడు. మిగిలింది తనది.

చిక్కంతా ఎక్కడుందంటే, 1802లో ఈస్టిండియా కుంపిణీవాళ్లు శాశ్వత పరిష్కారం పేరుతో ఆ పేష్కషుని శాశ్వతంగా నిర్ణయించేశారు. అది పెరగదు. రైతు కట్టే శిస్తు మాత్రం పెరుగుతూ పోయింది. పంటలు పెరిగాయి, ధరలు పెరిగాయి, కాలవలొచ్చాయి. పెరిగిందంతా జమీందారు దివాణానికే. పైగా చెరువు బాగుచెయ్యరు. అడవిలో పుల్ల ఏరుకుంటే రుసుము. పశువుని మేపితే పుల్లరి. కట్టలేకపోతే జప్తు.

దీనికి జమీందార్లు చెప్పే సమాధానం ఒకటే. భూమి మాది. రైతులు మా కౌలుదార్లు. మా భూమికి మేం ఎంత అడిగితే మీకెందుకు?

ఈ మాట సరైనదేనా? ఒక ఉదాహరణతో చూద్దాం.

మీకు మీ ఊళ్లో ఒక ఇల్లుంది. మీ తాత కట్టింది. పంచాయతీకి ఏటా ఇంటిపన్ను కడతారు. పన్ను కోసం బిల్ కలెక్టరు వస్తాడు. అరుగు మీద కూర్చుంటాడు. మంచినీళ్లు తాగుతాడు. డబ్బు తీసుకుని రసీదు రాసిస్తాడు. ఇలా ఏళ్లు గడిచాయి. ఆయన తర్వాత ఆయన కొడుకు వచ్చాడు వసూలుకి. ఆ కొడుకు ఒకరోజు వచ్చి, ఏమయ్యా, ఈ ఇల్లు మాది, మీరు కట్టేది అద్దె, వచ్చే నెల నుంచి రెండింతలు కట్టండి, లేకపోతే ఖాళీ చెయ్యండి అన్నాడనుకోండి. మీరేమంటారు? నీ చేతిలో రసీదు పుస్తకం ఉంది కానీ, ఈ ఇంటి కాగితం ఏదీ అంటారు. చూపించు అంటారు.

అతను ఒక కాగితం చూపిస్తాడు. పంచాయతీ వాళ్లిచ్చిన కాగితం. ఈ వీధిలో పన్ను వసూలు చేసే అధికారం ఇతనిది అని ఉంది దాంట్లో. అప్పుడు మీరు రెండో ప్రశ్న వేస్తారు. అయ్యా, ఇల్లు ఏనాడైనా పంచాయతీదా? కాదు కదా. తనది కాని ఇంటిని పంచాయతీ నీకెలా రాసిస్తుంది? దానికి ఉన్నది పన్ను హక్కు. నీకు ఇచ్చింది కూడా ఆ పన్ను హక్కే.

చూశారా, రెండే ప్రశ్నలు. నీ కాగితంలో ఏముంది? ఆ కాగితం ఇచ్చినవాడికి అసలు ఏముంది? ప్రకాశం గారు జమీందార్లని అడిగింది అచ్చంగా ఈ రెండు ప్రశ్నలే.

ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ కమిటీ అని ఒకటి వేశారు. 1908లో వచ్చిన మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ ఎలా నడుస్తోందో విచారించడానికి. దానికి ప్రకాశం గారే అధ్యక్షులు. కమిటీ జిల్లాలు తిరిగింది. రైతుల్ని పిలిచి సాక్ష్యం తీసుకుంది. జమీందార్ల మాటా విన్నది. అదే రోజుల్లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. నెల్లూరులో 'జమీన్ రైతు' పత్రిక వెంకటగిరి రైతుల గోడు అచ్చువేస్తోంది. అంటే ప్రకాశం గారు ఒంటరిగా కనిపెట్టిన సమస్య కాదిది. రైతులు వీధిలో అరుస్తున్నారు. ఆ అరుపుని కోర్టు భాషలోకి మార్చే మనిషి కావాలి. అది బారిస్టరు చేయగలిగిన పని.

కమిటీ నివేదిక 1938లో వచ్చింది. దాన్ని చదివితే మంత్రి రాసినట్టుండదు. హైకోర్టులో అప్పీలు వాదిస్తున్నట్టుంటుంది.

మొదటి ప్రశ్న. నీ కాగితంలో ఏముంది? 1802లో వచ్చిన ఇరవై అయిదో రెగ్యులేషన్ జమీందార్ల ఆయుధం. భూమి మీద హక్కు మాకిచ్చారు అని వాళ్లు చూపించేది దాన్నే. అదే ఏడాది ముప్పయ్యో రెగ్యులేషన్ కూడా వచ్చింది. పట్టా రెగ్యులేషన్ అనేవారు. జమీందారు ప్రతి రైతుకీ పట్టా ఇవ్వాలని, ఎంత కట్టాలో దాంట్లో రాయాలని చెప్పింది అది. ఈ రెండూ కలిపి చదవండి అంది నివేదిక. శాశ్వతం చేసింది జమీందారు కట్టే పేష్కషుని ఒక్కదాన్నే కాదు, రైతు కట్టే శిస్తుని కూడా అంది. జమీందారుకి శాశ్వతమై, రైతుకి మాత్రం ఇష్టారాజ్యం ఎలా అవుతుంది? అందుకే శిస్తులు 1802 నాటి స్థాయికి రావాలంది. మీరే ఊహించుకోండి, దివాణాల్లో ఎంత గగ్గోలు పుట్టి ఉంటుందో.

రెండో ప్రశ్న. కాగితం ఇచ్చినవాడికి ఏముంది? మన దేశంలో పాతకాలం నుంచీ భూమి దున్నినవాడిది అంది నివేదిక. రాజుకి అందులో భాగం ఉంది. దాన్నే మేల్వారం అంటారు. మిగతాది కుడివారం, అది సాగుదారుది. రాజు పోయి నవాబు వచ్చినా, నవాబు పోయి కుంపిణీ వచ్చినా చేతులు మారింది మేల్వారమే. కుంపిణీకే లేని భూమిని కుంపిణీ జమీందారుకి ఎలా ఇస్తుంది? ఇచ్చింది మేల్వారం వసూలు చేసుకునే హక్కు. అంతవరకే.

ఇదేదో ప్రకాశం గారు గాల్లోంచి తీసిన వాదన కాదు. 1899లోనే మద్రాసు హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. గంజాం వైపు ఉన్న చీకటి అనే ఊరి జమీందారు కేసు. జమీందారీలో రైతుని ఏటేటా మార్చదగ్గ కౌలుదారు అనుకోవడానికి వీల్లేదంది. అతనికి సాగు హక్కు ఉందనే మొదట అనుకోవాలి, లేదని చెప్పేవాడే రుజువు చేసుకోవాలంది. 1908 చట్టం కూడా కొంతవరకు ఆ దారిలోనే వచ్చింది. ప్రకాశం గారు ఇంకో అడుగు ముందుకేశారు. సాగు హక్కు కాదు, ఏకంగా సొంత హక్కే అన్నారు. వసూలు చేసేవాడు యజమాని కాడు. ఒక వసూలు ఏర్పాటు నూరేళ్లు దాటి సాగినంత మాత్రాన, వసూలుదారు యజమాని అయిపోడు.

అవతలివాళ్ల మాట కూడా వినాలి కదా. నూట ముప్పై అయిదేళ్ల కిందటి కాగితాన్ని ఇప్పుడు తిరగదోడితే ఎవరి ఆస్తికి భరోసా ఉంటుంది అన్నారు. మా సన్నదులు, అంటే మాకిచ్చిన హక్కు పత్రాలు, నమ్మి కొన్నవాళ్లున్నారు, అప్పులిచ్చినవాళ్లున్నారు, వాళ్ల గతేమిటి అన్నారు. ఈ ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. ఇక 1802 నాటి శిస్తు అన్నది, నా ఉద్దేశంలో, వాదనకి బలమైనదే కానీ అమలుకి తేలిక కాదు. ధరలు అన్నిసార్లు మారాక పాత రూపాయికి కొత్త అర్థం ఎవరు చెప్పాలి?

ఇంకో లోటు ఉంది. అది ఇంకా పెద్దది. నివేదికలో రైతు అంటే పట్టాదారు. ఆ పట్టాదారు కింద కౌలుకి దున్నేవాడున్నాడు. పాలేరున్నాడు. కూలికి వచ్చే దళితుడున్నాడు. భూమి దున్నినవాడిది అన్న సూత్రాన్ని చివరంటా తీసుకెళ్తే అది వాళ్ల దగ్గర కదా ఆగాలి? అక్కడిదాకా వెళ్లలేదు. జమీందారుని అడిగిన రెండు ప్రశ్నల్నే పట్టాదారుని కూడా అడిగి ఉంటే ఆంధ్ర పల్లెల కథ వేరుగా ఉండేదని నేననుకుంటాను. కౌలు రైతు గుర్తింపు కార్డు కోసం ఇప్పటికీ తిరుగుతున్నాడంటే ఆ లెక్క ఇంకా తేలలేదన్నమాట.

సరే, నివేదిక ఏమైంది? చట్టసభలో చర్చ జరిగింది. సభ ఆమోదించింది. చట్టంగా మారేలోపు రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక అటకెక్కింది. మరుసటి ఏడాది, 1940 ఏప్రిల్లో, మందస జమీందారీలో అడవి కట్టెల గొడవ కాల్పుల దాకా వెళ్లింది. రైతుల పక్షాన నిలబడ్డ వీర గున్నమ్మ ప్రాణం పోయింది. ఆ రోజు కాగితం మీద వాదన గెలిచి ఉంది. ఊళ్లో ఇంకా గెలవలేదు.

1946 ఏప్రిల్ 30న ప్రకాశం గారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పుడు అలా పిలిచేవారు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, సొంత పార్టీవాళ్లే దించేశారు. గ్రామాల బాగు కోసం పెట్టిన ఫిర్కా అభివృద్ధి పథకం ఆయన మొదలుపెట్టిందే. ఖద్దరు కోసం కొత్త బట్టల మిల్లుల్ని వద్దన్నదీ ఆయనే. ఆ పట్టుదల వల్ల శత్రువులు పెరిగారు.

జమీందారీల మీద అసలు చట్టం ఆయన దిగిపోయాకే వచ్చింది. ఓమందూరు రామస్వామి రెడ్డియారు గారి ప్రభుత్వంలో. 1948 నాటి ఇరవై ఆరో చట్టం. ఎస్టేట్ల రద్దు చట్టం. కళా వెంకటరావు గారు రెవెన్యూ మంత్రి. ఎస్టేటు సర్కారు పరమైంది. సాగులో ఉన్న రైతుకి రైతువారీ పట్టా వచ్చింది, అంటే శిస్తు నేరుగా సర్కారుకే కట్టే పట్టా. జమీందార్లకి నష్టపరిహారం ఇచ్చారు. ఇక్కడ చూడండి తమాషా. వసూలుదారుకి ఉద్యోగం తీసేస్తే పరిహారం ఎంత? యజమాని దగ్గర ఆస్తి తీసుకుంటే పరిహారం ఎంత? రెండూ ఒకటి కావు కదా. పదేళ్ల కిందట ప్రకాశం గారు వాదించిందంతా ఆ తేడా గురించే.

ఆయన మిగతా రాజకీయ జీవితం గబగబా చెప్పేస్తాను. 1951లో కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి కృపలానీ గారితో కలిసి కొత్త పార్టీలో పనిచేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, కర్నూలు రాజధానిగా, దానికి మొదటి ముఖ్యమంత్రి ఆయనే. అప్పటికి 81 ఏళ్లు. గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, రెండూ 1954లో వచ్చాయి. కృష్ణ మీద పాత ఆనకట్ట దెబ్బతింటే కొత్త బ్యారేజీ పనులు మొదలైందీ అప్పుడే. అదే నేటి ప్రకాశం బ్యారేజి. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. పదమూడు నెలల ముచ్చట.

రెండుసార్లు ముఖ్యమంత్రి. రెండూ కలిపినా సుమారు రెండేళ్లే. వాదనతో ఎదుటివాడిని ఒప్పించడం ఒక విద్య. తనవాళ్లని తన వెనక నిలబెట్టుకోవడం ఇంకో విద్య. మొదటిది ఆయనకి పుట్టుకతో వచ్చింది. రెండోది చివరిదాకా రాలేదు. కోర్టులో జడ్జి మీ వాదన వినక తప్పదు. శాసనసభలో వినకుండానే ఓటెయ్యొచ్చు.

1957లో, ఎనభై అయిదో ఏట, ఒంగోలు చుట్టుపక్కల హరిజనవాడల్లో తిరుగుతూ వడదెబ్బ తిన్నారు. హైదరాబాదు ఆసుపత్రిలో మే 20న కన్నుమూశారు. లక్షలు గడించిన బారిస్టరుకి పోయేనాటికి చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ లేదు.

ఇప్పుడు మీతో ఒక పని మాట.

మీరు కోస్తా వాళ్లో, రాయలసీమ వాళ్లో అయితే, మీ ఊరు 1948కి ముందు జమీందారీయా, ఇనామా, రైతువారీయా? ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మాది ఫలానా దివాణం కింద ఉండేది అంటే, మీ భూమికి మూలం ఎస్టేటు రద్దయ్యాక సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఎస్.ఎఫ్.ఏ. అంటారు. రైతువారీ ఊరైతే ఆర్.ఎస్.ఆర్. రిజిస్టరు చూడాలి. తెలంగాణ శ్రోతల సంగతి వేరు. మీ దగ్గర జాగీర్లు 1949లో, నిజాం రాష్ట్రపు చట్టంతో రద్దయ్యాయి. మీరు చూడాల్సింది సేత్వారు, ఖాస్రా పహాణీ.

ఒక హెచ్చరిక కూడా. వసూలు చేసేవాడు యజమాని కానట్టే, కట్టినంత మాత్రాన కట్టినవాడూ యజమాని కాడు. శిస్తు రసీదు ఉంది కదా, ఇంటిపన్ను రసీదు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. కోర్టులో అదొక్కటే నిలబడదు. రసీదు వెనక ఉన్న మూల కాగితం కావాలి. ఎవరైనా మీ భూమి మాది అంటే కంగారు పడకండి. అరవకండి కూడా. ప్రకాశం గారి రెండు ప్రశ్నలు వెయ్యండి. నీ కాగితంలో ఏముంది? అది నీకు ఇచ్చినవాడికి ఏముంది? అవే ప్రశ్నలు మీ కాగితానికీ వేసుకోండి.

వీలైతే ఈ వారమే తహసీల్దారు ఆఫీసుకి వెళ్లండి. సర్వే నంబరు చెప్పి, మూల రికార్డుకి సర్టిఫైడ్ కాపీ కావాలని దరఖాస్తు పెట్టండి. వచ్చిన కాపీలో పేరు, విస్తీర్ణం మీ పాసుపుస్తకంతో సరిపోయాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఆలస్యం చెయ్యకుండా లాయరుకి చూపించండి.